క్లెమెన్స్ వాన్ పిర్కే

క్లెమెన్స్ వాన్ పిర్కే (మే 12, 1874 - ఫిబ్రవరి 28, 1929) ఆస్ట్రియా దేశానికి చెందిన సుప్రసిద్ధ శిశువైద్యుడు, రోగనిరోధక శాస్త్ర పరిశోధకుడు. నేడు తెలుగువారి ఇళ్ళలో సైతం నిత్యం వినిపించే ఎలర్జీ అనే పదాన్ని 1906లో వైద్యశాస్త్రంలో ప్రవేశపెట్టినది ఈయనే. శరీరాన్ని రోగాల నుండి కాపాడే శక్తే ఒక్కొక్కప్పుడు రోగానికి కారణం కాగలదని వివరించిన తొలి శాస్త్రజ్ఞులలో ఈయన ముఖ్యుడు. క్షయవ్యాధికి సంబంధించిన చర్మపరీక్షను రూపొందించినందువలన కూడా ఈయన పేరు చిరస్థాయిగా నిలిచింది.

బాల్యము, విద్యాభ్యాసము

పిర్కే వియన్నా సమీపంలోని హిర్ష్‌స్టెటెన్‌లో ఒక ప్రభు కుటుంబంలో జన్మించాడు. రోదసీ ప్రయాణ శాస్త్రానికి ఆద్యులలో ఒకడైన గైడో వాన్ పిర్కే ఈయన తమ్ముడు. క్లెమెన్స్ మొదట మతాచార్యుడు కాదలచి ఇన్స్‌బ్రుక్‌లో క్రైస్తవ మతశాస్త్రాన్ని, ఆ తరువాత బెల్జియంలోని లువేన్‌లో తత్త్వశాస్త్రాన్ని అభ్యసించాడు. పిదప మనసు మార్చుకొని వైద్యవిద్యలో చేరి, 1900లో గ్రాజ్ విశ్వవిద్యాలయం నుండి పట్టా పొందాడు. అనంతరం వియన్నాలోని పిల్లల ఆసుపత్రిలో థియోడోర్ ఎషెరిక్ వద్ద సహాయకుడిగా చేరాడు. పేగులలో నివసించే ఇ. కోలై బాక్టీరియాను కనుగొన్నది ఈ ఎషెరిక్ పండితుడే.

సీరం వ్యాధి

ఆ రోజులలో డిఫ్తీరియా వ్యాధికి గుర్రపు రక్తం నుండి తీసిన సీరం ఇచ్చి చికిత్స చేసేవారు. ఎమిల్ వాన్ బేరింగ్ పరిశోధనల ఫలితమైన ఈ చికిత్స అసంఖ్యాకులైన పిల్లలను మృత్యుముఖం నుండి తప్పించింది. అయితే సీరం పొందిన పిల్లలలో కొందరికి కొన్ని రోజుల తరువాత జ్వరం, దద్దుర్లు, కీళ్ళ నొప్పులు, గ్రంథుల వాపు కనిపించేవి. ప్రాణం నిలిపిన మందే బాధ కలిగించటానికి కారణమేమిటన్నది వైద్యులకు అంతుపట్టలేదు.

పిర్కే, ఆయన సహచరుడు బేలా షిక్ ఈ పిల్లలను నిశితంగా పరిశీలించారు. సీరంలో విషముంటే దాని ప్రభావం ప్రతిసారీ ఒకే వ్యవధిలో కనిపించాలి. కాని మొదటిసారి సీరం ఇచ్చినప్పుడు లక్షణాలు సుమారు 8 నుండి 12 రోజులకు కనిపించగా, కొంతకాలం తరువాత రెండవసారి ఇచ్చినప్పుడు అవి వెంటనే గాని, కొద్ది రోజులలో గాని బయటపడ్డాయి. రెండు సందర్భాలలోను సీరం ఒకటే. మారినది పిల్లవాని శరీరం. కనుక పరాయి పదార్థానికి ప్రతిగా శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు ఆ పదార్థంతో కలిసినప్పుడే వ్యాధి కలుగుతుందని వారు నిర్ణయించారు. ఈ భావాన్ని పిర్కే 1903లోనే వ్రాసి, సీలు వేసిన లేఖగా వియన్నా శాస్త్ర అకాడమీకి సమర్పించాడు. షిక్‌తో కలిసి వ్రాసిన గ్రంథం 1905లో వెలువడింది. ప్రతిరక్షకాలు రక్షణ మాత్రమే ఇస్తాయని నమ్ముతున్న కాలంలో ఇది సాహసోపేతమైన సిద్ధాంతం.

ఎలర్జీ అనే పదం

ఒక పదార్థంతో తొలి పరిచయం తరువాత శరీరం స్పందించే తీరు మారిపోతుంది. ఆ మార్పు రక్షణగా పరిణమించవచ్చు, బాధగా పరిణమించవచ్చు. ఈ రెంటికీ వర్తించే విధంగా పిర్కే 1906లో గ్రీకు భాషలో అన్యము, క్రియ అనే అర్థాలు గల పదాలను జోడించి ఎలర్జీ అనే మాటను సృష్టించాడు. పుప్పొడి వలన వచ్చే జలుబు, కీటకాల కాటుకు వచ్చే వాపు, కొన్ని ఆహారాలు పడక వచ్చే దద్దుర్లు కూడా ఈ కోవకే చెందుతాయని సూచించాడు. కాలక్రమంలో ఈ పదం మేలు చేసే స్పందనను వదలి, కీడు చేసే స్పందనకే పరిమితమైంది.

క్షయ చర్మపరీక్ష

రాబర్ట్ కాక్ 1890లో ప్రకటించిన ట్యూబర్‌క్యులిన్ క్షయకు మందుగా విఫలమైంది. పిర్కే దానిని 1907లో రోగనిర్ధారణకు వినియోగించాడు. ముంజేతిపై ఒక చుక్క ఉంచి చర్మాన్ని కొద్దిగా గీరితే, క్షయ క్రిములు అంతకు మునుపే సోకినవారిలో ఒకటి రెండు రోజులకు ఆ చోట ఎర్రని పొక్కు లేస్తుంది. పైకి ఆరోగ్యంగా ఉన్న పిల్లలలో అనేకులకు ఈ క్రిములు సోకి ఉన్నాయని దీని ద్వారా తెలిసింది. తరువాత చర్మం లోపలికి సూదితో ఎక్కించే మాంటూ పరీక్ష దీని స్థానాన్ని ఆక్రమించింది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు 1950వ దశకంలో చుట్టుపక్కల గ్రామాలలో జరిపిన క్షయ సర్వేలలో ట్యూబర్‌క్యులిన్ పరీక్షను కూడా ఉపయోగించారు.

ఆచార్య పదవులు, శిశుసంక్షేమము

పిర్కే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో శిశువైద్య ఆచార్యుడిగా కొంతకాలం పనిచేసి, 1910లో బ్రెస్లావుకు, ఎషెరిక్ మరణానంతరం 1911లో వియన్నాకు వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వియన్నా పిల్లలు ఆకలితో అలమటిస్తున్నప్పుడు, అమెరికా సహాయ సంస్థ ఆస్ట్రియాలో చేపట్టిన భోజన పథకానికి నాయకత్వం వహించాడు. ఏ బిడ్డకు ఎంత ఆహారం అవసరమో లెక్కించటానికి 1 గ్రాము పాల శక్తిని ప్రమాణంగా తీసుకొని నెమ్ అనే కొలమానాన్ని రూపొందించాడు. బరువును, కూర్చున్న ఎత్తును పోల్చి పోషణలోపాన్ని గుర్తించే పద్ధతిని కూడా ఏర్పరచాడు. ఈ పద్ధతులు తరువాత వాడుక నుండి తప్పుకున్నా, లక్షలాది పిల్లలకు ఆనాడు అన్నం అందింది.

మరణము

ఈయన పేరు నోబెల్ బహుమతికి పలుమార్లు ప్రతిపాదించబడినా బహుమతి లభించలేదు. 1928లో ఆస్ట్రియా అధ్యక్ష పదవికి కూడా ఈయన పేరు వినిపించింది. 1929 ఫిబ్రవరి 28న పిర్కే, ఆయన భార్య మరియా వియన్నాలో ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరాలు.

తదనంతర పరిణామాలు

ఎలర్జీ వ్యాధులను నివారించే ప్రయత్నాలు పిర్కే జీవితకాలంలోనే మొదలయ్యాయి. 1911లో లండనులో లెనార్డ్ నూన్ పుప్పొడి సారాన్ని స్వల్ప మోతాదులలో ఎక్కించి సహనశక్తిని పెంచే చికిత్సను ప్రకటించాడు. 1960వ దశకంలో ఐజీఇ అనే ప్రతిరక్షకం కనుగొనబడటంతో పుప్పొడి, ఆహార ఎలర్జీల మూలం స్పష్టమైంది. సీరం వ్యాధి, పుప్పొడి జలుబు, ట్యూబర్‌క్యులిన్ పొక్కు మూడూ వేర్వేరు మార్గాలలో కలుగుతాయని కూడా తేలింది. 2015లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనం ప్రకారం, ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు వేరుశనగను దూరంగా ఉంచటం కంటె తొలి ఏడాదిలోనే తగిన రూపంలో అలవాటు చేయటం వలన వేరుశనగ ఎలర్జీ గణనీయంగా తగ్గింది. పరాయి పదార్థంతో కలిగే తొలి పరిచయం శరీరపు స్పందనను మార్చివేస్తుందని పిర్కే చెప్పిన విషయం ఈ విధంగా చికిత్సకే కాక నివారణకు కూడా ఆధారమైంది.