పట్టాలనే తీగలుగా మలచిన విలియం రాబిన్సన్

1870లో న్యూయార్కు నగరంలో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించిన ప్రదర్శనలో ఒక నమూనా రైలుమార్గాన్ని ఉంచారు. బండి ఒక భాగంలోకి ప్రవేశించగానే మనిషి చేయి తగలకుండానే సిగ్నల్ ఆపు సూచన చూపేది. బండి ఆ భాగాన్ని విడిచిపోగానే సిగ్నల్ తిరిగి మారేది. దాన్ని అమర్చిన యువకుడు విలియం రాబిన్సన్. అప్పటికి ఆయనకు దాదాపు ముప్పై ఏళ్లు.

రాబిన్సన్ 1840లో ఐర్లండులో జన్మించి, బాల్యంలోనే అమెరికా చేరాడు. 1865లో వెస్లియన్ విశ్వవిద్యాలయం నుంచి పట్టం పొంది, కొంతకాలం ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. తరువాత పెన్సిల్వేనియా ప్రాంతంలో చమురు వ్యాపారంలోకి దిగాడు. అయినా ఆయన మనసు మాత్రం రైలు ప్రమాదాల మీదనే ఉండేది. ఆ రోజుల్లో ముందు వెళ్లిన బండి ఎక్కడుందో వెనుక బండి డ్రైవరుకు తెలిసే మార్గం దాదాపు లేదు. కాలపట్టికను, టెలిగ్రాఫును, స్టేషను సిబ్బంది జాగ్రత్తను నమ్ముకొని బండ్లు నడిచేవి. మలుపు తిరిగేసరికి ఎదుట బండి నిలిచి ఉంటే, బ్రేకులు వేసే వ్యవధి కూడా దొరికేది కాదు.

ప్రదర్శనలోని నమూనా రైల్వేవారిని ఆకర్షించింది. ఫిలడెల్ఫియా అండ్ ఈరీ రైల్వే తన మార్గంలోని కింజువా వద్ద ఆ పద్ధతిని నెలకొల్పడానికి అంగీకరించింది. భాగం మొదట ఒక మీట, చివర మరొక మీట. చక్రం మొదటి మీటను తొక్కితే విద్యుత్ ప్రవాహం కలిసి సిగ్నల్ ఆపు సూచనకు వచ్చేది. రెండో మీటను తొక్కితే మార్గం ఖాళీ అని చూపేది. అది చక్కగా పనిచేసింది. మరొకరైతే అంతటితో తృప్తిపడి అమ్మకాలు మొదలుపెట్టేవారే.

రాబిన్సన్ తన పనినే పరీక్షకు నిలబెట్టాడు. నడుస్తున్న బండి మధ్యలో తెగి, నాలుగు పెట్టెలు వెనుక నిలిచిపోతే ఏమవుతుంది? ఇంజను చివరి మీటను తొక్కి వెళ్లిపోతుంది, సిగ్నల్ మార్గం ఖాళీ అంటుంది. ఆ పెట్టెలు మాత్రం పట్టాల మీదనే ఉంటాయి. పక్క లైను నుంచి భాగం మధ్యలోకి వచ్చిన బండి మొదటి మీటను తొక్కనే తొక్కదు. తీగ తెగినా, బ్యాటరీ ఉడిగినా సిగ్నల్‌కు ఆపు సూచన చూపే శక్తి ఉండదు. అన్నిటి ఫలితమూ ఒక్కటే: ప్రమాదం ఉన్నచోట అభయం. అసలు సిగ్నలే లేకపోతే డ్రైవరు కనీసం జాగ్రత్తపడతాడు. అబద్ధం చెప్పే సిగ్నల్ ఆ జాగ్రత్తను కూడా తీసివేస్తుంది.

అందుకని ఆయన పద్ధతినంతా తలకిందులు చేశాడు. 1872 ఆగస్టు 20న అమెరికా పేటెంటు పొందిన ఆ మార్పు ఇది. రైలుమార్గంలో ఒక భాగాన్ని ఇరుపక్కల భాగాల నుంచి విద్యుద్బంధకంతో వేరుచేశాడు. ఒక చివర బ్యాటరీని, రెండో చివర రిలే అనే విద్యుదయస్కాంతాన్ని రెండు పట్టాలకూ కలిపాడు. మార్గం ఖాళీగా ఉన్నంతసేపు ప్రవాహం పట్టాల గుండా పోయి రిలేను పట్టి ఉంచుతుంది. అప్పుడే సిగ్నల్ దారి ఇస్తుంది. బండి రాగానే ఇనుప చక్రాలు, ఇరుసు రెండు పట్టాలను కలిపివేస్తాయి. ప్రవాహం ఆ దగ్గరిదారి పడుతుంది, రిలే వదిలేస్తుంది, సిగ్నల్ ఆపుతుంది. తెగి నిలిచిన పెట్టె ఒక్కటైనా చాలు. తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగి విడిపోయినా ఆపు సూచనే వస్తుంది.

పట్టాకూ పట్టాకూ మధ్య అతుకుల వద్ద తుప్పు పట్టి ప్రవాహం సరిగా సాగకపోయేది. దానికీ ఆయనే విరుగుడు కనిపెట్టాడు. అతుకును దాటిస్తూ రెండు పట్టాలకూ ఒక తీగను బిగించాడు. రైల్వే స్టేషన్లలో పట్టాల అతుకుల పక్కన కనిపించే పొట్టి తీగలు ఆ వంశానివే.

ఇంట్లో నమూనా రైలుమార్గానికి దీపాల సిగ్నళ్లు అమర్చుకునేవారు ఇక్కడొక వింత గమనించవచ్చు. నమూనా ఇంజను తన విద్యుత్తును పట్టాల నుంచే తీసుకుంటుంది. కాబట్టి చక్రాలు రెండు పట్టాలనూ నేరుగా కలపకుండా ఇరుసుల్లో బంధకం ఉంచుతారు. ఒక భాగం ప్రవాహాన్ని వాడుకుంటోందా లేదా అని పసిగట్టే పరికరంతో ఎర్ర, పచ్చ ఎల్‌ఇడి దీపాలను మారుస్తారు. 12 వోల్టుల సరఫరా అయితే దీపంతో వరుసలో సుమారు 1000 ఓముల నిరోధకం చేరుస్తారు. వెనుక పెట్టెలు కూడా పట్టుబడాలంటే వాటి ఇరుసులకూ చిన్న నిరోధకాలు అతికించాలి. అయితే పరికరానికి వెళ్లే తీగ ఊడితే ప్రవాహం లేదు గనుక పచ్చదీపమే వెలుగుతుంది. కింజువాలో రాబిన్సన్ వదిలించుకున్న దోషం అదే. ఆటకు ఫరవాలేదు.

ఆయన స్థాపించిన యూనియన్ ఎలక్ట్రిక్ సిగ్నల్ కంపెనీని 1881లో జార్జి వెస్టింగ్‌హౌస్ మరో సంస్థతో కలిపి యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ కంపెనీగా మార్చాడు. రాబిన్సన్ పద్ధతి ఆ పేరుతోనే దేశమంతా పాకింది. క్రమంగా ఆయన పేరు వెనుకబడింది. తరువాతి కాలంలో ఆయన ట్రాము బండ్ల చక్రాల అమరికను మెరుగుపరిచే పనిలో పడ్డాడు.

మన రైల్వేల్లో ట్రాక్ సర్క్యూట్లతో పాటు ఇరుసులను లెక్కించే పరికరాలు కూడా వచ్చాయి. కానీ ఏ పరికరమైనా తీగలు కలిపే చేతిని మించి నమ్మదగినది కాదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహానగా బజార్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ నిలిచి ఉన్న గూడ్సుబండిని ఢీకొని 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ వలయంలో తీగలు తప్పుగా కలిపిన సంగతి రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. ప్రధాన లైనుకు సిగ్నల్ ఇచ్చి, బండిని పక్క లైనులోకి పంపిన ప్రమాదమది.

రాబిన్సన్ 1921లో బ్రూక్లిన్‌లో కన్నుమూశాడు. అప్పటికి అమెరికాలోని పెద్ద రైల్వేలు ఆయన వలయాన్నే నమ్ముకొని రాత్రింబవళ్లు బండ్లు నడుపుతున్నాయి.