దుర్గాబాయమ్మ: తప్పిన మెట్టు

బడి వయస్సునుబట్టి నడచును. ఆరేండ్లకు ఒకటవ తరగతి, పదునైదేండ్లకు పదవది. ఈ వరుసలో ఒక మెట్టు తప్పినవారికి పైమెట్లన్నియు తప్పును. పరీక్ష లేనిదే కొలువు లేదు. కొలువు లేనిదే ఇంట మాటకు విలువ లేదు. మెట్టు ఏల తప్పెనని మాత్రము ఎవ్వరును అడుగరు. ఆడుపిల్ల విషయమున ఆ కారణము తరచుగా పెండ్లియే.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు వినగానే 1923 నాటి కాకినాడ కాంగ్రెసులో టిక్కెట్టు లేని నెహ్రూను ఆపిన బాలిక స్ఫురించును. ఆ కథ మన విద్యార్థులకు సుపరిచితమే కనుక దానిజోలికి పోను. ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించెను. ఎనిమిదవయేటనే వివాహమయ్యెను. పదునైదేండ్ల ప్రాయమున, కాపురమునకు పోవలసిన వేళ, ఆ బంధము తనకు వలదనెను. తండ్రి రామారావుగారును సోదరుడును అండగా నిలిచిరి. ఇది స్వల్పవిషయము కాదు. అదే వయస్సున అదే మాట అనగోరిన బాలికలు ఇంకెందరో ఉండియుందురు. వారి తండ్రులు రామారావుగారు కారు.

ఆంగ్లమున బోధనకు నిరసనగా ఆమె బడి మానియుండెను. హిందీ నేర్చి, రాజమండ్రిలో బాలికలకు హిందీ పాఠశాల నడపెను. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకేగెను. విడుదలయైన పిమ్మట, ఇరువదేండ్లు దాటిన వయస్సున, బెనారసు మెట్రిక్యులేషను పరీక్షకు చదువ మొదలిడెను. అటుపై వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరగోరగా, స్త్రీలకు వసతిగృహము లేదని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు సందేహించిరి. వసతి లేక చదువు ఆగిన యువతులు తనకు తెలియజేయవలెనని ఆమె పత్రికలలో ప్రకటించెను. కొందరు ముందుకు వచ్చిరి. వారే ఒక ఇల్లు చూచుకొని వసతిగృహము నెలకొల్పుకొనిరి. చెరసాల ధైర్యముకంటె ఈ ప్రకటనయే నాకు మిన్నగా తోచును. తన దారి తాను చూచుకొనుటతో ఆమె తృప్తిపడలేదు.

1942లో న్యాయశాస్త్ర పట్టము పొంది, మదరాసులో న్యాయవాదియయ్యెను. అప్పటికే, 1937లో, అచట ఆంధ్ర మహిళా సభను స్థాపించియుండెను. చదువు నడుమ నిలిచిన స్త్రీలను మెట్రిక్యులేషనుకు సిద్ధపరచుట ఆ సంస్థ తొలి పనులలో ఒకటి. రాజ్యాంగసభలో సభ్యురాలై, హిందూస్త్రీకి ఆస్తిహక్కు ఉండవలెనని గట్టిగా వాదించెను. చదువును ఆస్తిని ఆమె వేరువేరుగా చూడలేదు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యెను. ఆ మండలి 1958లో సంక్షిప్త విద్యాక్రమమును ఆరంభించినది. బడి వయస్సు దాటిన స్త్రీ, అనేక తరగతుల పాఠమును సుమారు రెండేండ్లలో చదివి పరీక్షకు కూర్చుండగలుగుచుండెను. ఉత్తీర్ణురాలైనచో ఉపాధ్యాయినిగానో, నర్సుగానో, గ్రామసేవికగానో శిక్షణకు అర్హురాలగుచుండెను. పల్లెబళ్లకు ఉపాధ్యాయినులు దొరకని కాలమది. వితంతువులకు, భర్త విడిచినవారికి అది తమకాళ్లపై నిలుచుటకు మార్గమయ్యెను.

ఆమె 1953లో చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడెను. తొలి భర్త మరియొక వివాహము చేసికొని, 1941లో మరణించియుండెను. ఆ రెండవ భార్యకు చదువు లేదు, వృత్తి లేదు. తాను వలదని విడిచివచ్చిన స్థానమున నిలిచినది ఈమెయే. దుర్గాబాయి గారు ఆమెను తమ ఇంటనే ఉంచుకొని, ఆంధ్ర మహిళా సభలో వృత్తిశిక్షణ ఇప్పించెను. ఆ స్త్రీ పిదప హైదరాబాదులోని హస్తకళల శిక్షణాలయమున అధ్యాపకురాలయ్యెను.