సర్ థామస్ మన్రో

సర్ థామస్ మన్రో (మే 27, 1761 - జూలై 6, 1827) ఈస్టిండియా కంపెనీ పాలనాకాలంలో దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగాను, తరువాత మద్రాసు గవర్నరుగాను పనిచేసిన పరిపాలనాదక్షుడు. స్కాట్లండు దేశస్థుడు. మద్రాసు రాజధానిలో రైత్వారీ పద్ధతి స్థిరపడడానికి ప్రధాన కారకుడు. రాయచోటి, కడప, గుత్తి, పత్తికొండ మొదలైన రాయలసీమ ప్రాంతాల ప్రజలు ఈయనను మన్రోలయ్య అని పిలుచుకున్నారు. ఒక పరదేశి అధికారి పేరును ఇక్కడివారు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పెట్టుకోవడం ఈయన పొందిన ఆదరణకు నిదర్శనం.

బాల్యం, తొలి ఉద్యోగం

మన్రో గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వలన ఆ వ్యాపారం దెబ్బతిని కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువుకున్న మన్రో కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసు చేరాడు. హైదరాలీతోను, తరువాత టిప్పు సుల్తానుతోను జరిగిన యుద్ధాలలో పాల్గొన్నాడు. ఈ కాలంలోనే పారసీ, హిందూస్తానీ భాషలను శ్రద్ధతో నేర్చుకున్నాడు.

1792లో శ్రీరంగపట్నం సంధి వలన బారామహల్ ప్రాంతం (నేటి తమిళనాడులోని సేలం, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతం) కంపెనీ వశమైంది. అక్కడ కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ క్రింద సహాయకుడిగా ఏడేళ్ళు పనిచేసి భూమిశిస్తు వ్యవహారాలలో అనుభవం సంపాదించాడు. 1799లో కెనరా ప్రాంతానికి కలెక్టరుగా వెళ్ళి, మరుసటి సంవత్సరం దత్తమండలాలకు వచ్చాడు.

దత్తమండలాలలో

1792, 1799 యుద్ధాల ఫలితంగా మైసూరు రాజ్యం నుండి తనకు సంక్రమించిన ప్రాంతాలను, తన రక్షణ కొరకు ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుల నిమిత్తం, నిజాం 1800 అక్టోబరులో కంపెనీకి అప్పగించాడు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు ప్రాంతంలో కొంత భాగం ఇందులో ఉన్నాయి. రాయచోటి సీమ కూడా ఈ విధంగానే కంపెనీ పాలనలోకి వచ్చింది.

అప్పటికి ఈ ప్రాంతం అనేక పాలనలు మారి, దోపిడీలకు, కరవులకు లోనై ఉంది. సుమారు 80 మంది పాళెగాళ్ళు తమ తమ కోటలలో సాయుధులైన బంట్లతో ఉండేవారు. మన్రో సైన్యం సహాయంతో వారిని అణచివేశాడు. కొందరి పాళెములను స్వాధీనం చేసుకొని వారికి భరణం ఏర్పాటు చేశాడు. ఈ విషయంలో ఆయన చూపిన కాఠిన్యాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు సైతం తప్పుపట్టారు. పాళెగాళ్ళ కుటుంబాల అసంతృప్తి తరువాతి తరానికి కూడా కొనసాగి, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు నాటికి బయటపడింది.

రైత్వారీ పద్ధతి

బెంగాలులో 1793లో కారన్‌వాలిస్ ప్రవేశపెట్టిన శాశ్వత శిస్తు పద్ధతిలో జమీందారే భూమికి యజమాని. దానిని మద్రాసు రాజధాని అంతటా అమలుపరచాలని పలువురు అధికారులు కోరుకున్నారు. రాయలసీమ వంటి మెట్ట ప్రాంతంలో సర్కారుకు, సేద్యగానికి మధ్య మరొకరు ఉండరాదని మన్రో భావించాడు. రైత్వారీ పద్ధతిలో ప్రభుత్వం ప్రతి రైతుతో నేరుగా ఒప్పందం చేసుకొని పట్టా ఇస్తుంది. రైతు తాను సాగుచేయగలిగినంత భూమిని ఉంచుకొని, మిగిలినది వదులుకోవచ్చును.

ఇందుకోసం 1802-1806 మధ్య దత్తమండలాలలోని భూములను పొలం పొలంగా గొలుసుతో కొలిపించాడు. కరణం, రెడ్డి, గ్రామ పెద్దల సమక్షంలో మెట్ట, మాగాణి, తోట భూములను తరగతులుగా విభజించి శిస్తు నిర్ణయించారు. మన్రో సంవత్సరంలో అధిక భాగం గుడారాలలోనే నివసిస్తూ, ఊరి నుండి ఊరికి తిరుగుతూ, రైతుల మొరలను స్వయంగా వినేవాడు. కచేరీలో కూర్చుని పాలించే అధికారులనే ఎరిగిన ప్రజలకు ఇది కొత్త అనుభవం.

అయితే ఈ శిస్తు తేలికైనది కాదు. అది స్థూల ఉత్పత్తిలో సుమారు 45 శాతంగా ఉండేది. వర్షాధారమైన నేలకు ఇది మోయరాని భారమని మన్రో స్వయంగా గ్రహించాడు. 1807లో ఉద్యోగం విడిచి స్వదేశానికి వెళ్ళే ముందు, భూములన్నింటిపై 25 శాతం, బావులు, చెరువుల క్రింది తోటలకు అంతకంటె ఎక్కువగా శిస్తు తగ్గించాలని సిఫారసు చేశాడు. ఆదాయం తగ్గుతుందన్న భయంతో మద్రాసు ప్రభుత్వం దీనిని అంగీకరించలేదు. పైగా రైత్వారీని ప్రక్కన పెట్టి, గ్రామాలను మొదట మూడేళ్ళకు, తరువాత పదేళ్ళకు కౌలుకు ఇచ్చింది. హెచ్చు శిస్తు యథాతథంగా ఉండడంతో కౌలుదారులు అనేకమంది దివాలా తీశారు, రైతులు నష్టపోయారు.

గవర్నరుగా

1812-13 సంవత్సరాలలో కంపెనీ చార్టరుపై విచారణ జరిగినప్పుడు మన్రో బ్రిటిషు పార్లమెంటు ఎదుట సాక్ష్యమిచ్చాడు. 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను వివాహం చేసుకొని, న్యాయవ్యవస్థ సంస్కరణ సంఘానికి అధ్యక్షుడిగా మద్రాసుకు తిరిగి వచ్చాడు. ఆయన కృషి వలన 1816లో వెలువడిన చట్టాలు గ్రామాధికారికి చిన్న తగాదాలు విచారించే మున్సిఫ్ అధికారాన్ని ఇచ్చాయి. పోలీసు అధికారం న్యాయమూర్తుల నుండి కలెక్టరుకు మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయ్యే వరకు గ్రామ మున్సిఫ్ పదవి కొనసాగింది.

1820లో మన్రో మద్రాసు గవర్నరుగా నియమితుడయ్యాడు. అప్పటికి గ్రామ కౌళ్ళు విఫలమై రైత్వారీని పునరుద్ధరించాలని డైరెక్టర్లు నిర్ణయించి ఉన్నారు. 1807లో కాదన్న శిస్తు తగ్గింపు మన్రో పాలన తొలి సంవత్సరాలలో దత్తమండలాలలో అమలులోకి వచ్చింది. కలెక్టరుగా చేయలేకపోయిన మేలును పదమూడేళ్ళ తరువాత గవర్నరుగా చేయగలిగాడు.

1822లో ఆయన ఆదేశం మేరకు కలెక్టర్లు దేశీయ పాఠశాలల వివరాలు సేకరించారు. మద్రాసు రాజధానిలో 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు ఈ విచారణలో తేలింది. ప్రతి తాలూకాలో ప్రభుత్వ పాఠశాల ఉండాలని, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని 1826లో ప్రతిపాదించాడు. ఆయన మరణానంతరం ఈ ప్రయత్నం కుంటుపడి, ఆ పాఠశాలలు 1836లో మూతపడ్డాయి. భారతీయులను ఉన్నత పదవులకు దూరంగా ఉంచితే జాతి స్వభావమే క్షీణిస్తుందని వాదించిన తొలి ఆంగ్లేయ పాలకులలో మన్రో ఒకడు.

మరణం

పదవీ విరమణకు ముందు, తాను పూర్వం పనిచేసిన దత్తమండలాలను చివరిసారి చూడాలని 1827 మే నెలలో మన్రో పర్యటనకు బయలుదేరాడు. దారిలో పరివారానికి కలరా సోకింది. పత్తికొండ వద్ద జూలై 6 ఉదయం ఆయనకు కూడా ఆ వ్యాధి సోకి, అదే రోజు రాత్రి మరణించాడు. గుత్తిలో ఖననం చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన స్మారకంగా బావిని త్రవ్వించి, చింతతోపు నాటించారు. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ మలచిన అశ్వారూఢ విగ్రహాన్ని 1839లో మద్రాసులో ప్రతిష్ఠించారు. ఈ విగ్రహంలోని గుర్రానికి జీను గాని, రికాబులు గాని ఉండవు.

జనశ్రుతి

మన్రో గురించి రాయలసీమలో అనేక కథలు ప్రచారంలో ఉన్నాయి. రాయచోటి, వేంపల్లెల మధ్య పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని పారే గండి క్షేత్రంలో రెండు కొండల నడుమ బంగారు తోరణం ఉందని, అది పుణ్యాత్ములకు మరణం సమీపించినప్పుడు మాత్రమే కనిపిస్తుందని స్థానికుల విశ్వాసం. మన్రో ఆ తోరణాన్ని చూశాడని, అటుపిమ్మట కొద్దికాలానికే మరణించాడని చెప్పుకుంటారు. మంత్రాలయంలో మఠం భూముల విషయమై వచ్చినప్పుడు రాఘవేంద్రస్వామి ఆయనకు మాత్రమే దర్శనమిచ్చి మాట్లాడాడని మరొక కథ. తిరుమల శ్రీవారికి పొంగలి నైవేద్యం పెట్టే గంగాళానికి కూడా మన్రో పేరు ఉంది. కొందరు ఆయనను మాండవ్య ఋషి అవతారంగా భావించారు. ఇవి చారిత్రక సత్యాలు కాకపోవచ్చు గాని, గుడారం వేసుకొని తమ పొలం గట్టుకు వచ్చిన అధికారిని రైతులు ఎంతగా గుర్తుంచుకున్నారో తెలియజేస్తాయి.