మూట మోసినవాడే శిఖరం ఎక్కాడు

పోయిన దసరా సెలవులకు ఇళ్లకు వెళ్లేముందు మేమంతా భువనగిరి గుట్ట ఎక్కి వచ్చిన సంగతి మన హాస్టల్ మిత్రులకు తెలిసిందే. పోచంపల్లిలో పొద్దున్నే బస్సెక్కి, ఎండ ముదరకముందే గుట్ట కిందికి చేరాము. అంత పెద్ద గుట్ట అంతా ఒకే బండ. మెట్లున్నా సగానికి వచ్చేసరికి కాళ్లు వణికాయి, నీళ్ల సీసాలు ఖాళీ అయ్యాయి. పైన బురుజు దగ్గర గాలికి నిలబడి ఫొటో దిగాము. తిరిగి వచ్చాక ఆ ఫొటోలో తలలు లెక్కపెడితే ఒకటి తక్కువైంది. పులిహోర డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చిన ఏడో తరగతి తమ్ముడు అందులో లేడు. వాడు పైకి చేరేసరికి ఫొటో అయిపోయింది.

ఈ సంచికలో ఎవరి జీవితం రాద్దామని కూర్చున్నప్పుడు ఆ ఫొటోయే గుర్తొచ్చింది. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి మన సంచికలో ఏటా వస్తూనే ఉంది, రావాలి కూడా. ఈసారి జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక్క ముక్కలో ముగిసిపోయే మనిషి గురించి రాస్తున్నాము. ఎవరెస్టును మొదట ఎక్కిందెవరంటే హిల్లరీ, టెన్సింగ్ అని బట్టీ పట్టాము. ఆ రెండో పేరు వెనుక ఉన్న మనిషి జీవనం కోసం ఇతరుల మూటలు మోసినవాడని మాలో చాలామందికి తెలియదు.

టెన్సింగ్ నార్గే 1914లో పుట్టాడు. తారీఖు ఇంట్లో ఎవరూ రాసిపెట్టుకోలేదు. ఎవరెస్టు ఎక్కిన మే 29నే తర్వాత ఆయన పుట్టినరోజుగా చేసుకున్నాడు. (మాలో కొందరి పుట్టినరోజులు కూడా బడిలో చేర్పించిన సార్లు వేసినవే.) నేపాల్‌లోని ఖుంబూ ప్రాంతంలో పుట్టాడని కొందరు, టిబెట్‌లో పుట్టాడని కొందరు అంటారు. తండ్రి జడలబర్రెలు కాసేవాడు. పదముగ్గురు పిల్లల్లో ఈయన పదకొండోవాడు, ఆ పిల్లల్లో చాలామంది చిన్నతనంలోనే పోయారు. మొదట పెట్టిన పేరు నామ్‌గ్యాల్ వాంగ్డి. రోంగ్‌బుక్ మఠం పెద్ద లామా చెప్పగా టెన్సింగ్ నార్గే అని మార్చారు. సన్యాసిని చేద్దామని మఠానికి పంపితే అక్కడ నిలవలేదు. చదువు రాలేదు. చివరిదాకా పుస్తకం చదవలేకపోయాడు, కానీ ఎన్నో భాషలు మాట్లాడేవాడు.

ఇల్లు విడిచి డార్జిలింగ్ చేరేనాటికి ఆయనకు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. తెల్లదొరల పర్వతారోహణ బృందాలు కూలీలను తీసుకునేది అక్కడే. 1933లో పని కోసం వెళితే తీసుకోలేదు. అప్పటికే షెర్పాల పొడుగు జుట్టు కత్తిరించుకున్నాడు, దాంతో షెర్పాలా కనబడలేదట. పశువులు కాస్తూ ఇంకో అవకాశం కోసం చూశాడు. 1935లో ఎరిక్ షిప్టన్ బృందానికి కూలీలు కావలసివచ్చినప్పుడు వరుసలో నిలబడ్డాడు. అనుభవం లేని ఆ కుర్రవాడి నవ్వు చూసి షిప్టన్ ఎంచుకున్నాడని చెబుతారు.

మొదట్లో పని అంతా బరువు మోయడమే. గుడారాలు, తిండి, పొయ్యిలు, తాళ్లు. దొరలకు కొండ అంటే సెలవుల సాహసం, పేరు వచ్చే ఆట. మూట మోసేవాడికి అది రోజుకూలి. మా అమ్మలు ఇల్లు కట్టేచోట తట్టలు మోసి ఎన్ని అంతస్తులు ఎక్కినా అది మెట్లెక్కే సరదా ఎందుకవుతుంది? టెన్సింగ్‌లో తేడా ఏమిటంటే, కూలికి వచ్చినా ఆయన కన్ను శిఖరం మీదే ఉండేది. 1935, 1936, 1938లలో టిబెట్ వైపు నుంచి బ్రిటిష్ బృందాలతో వెళ్లాడు. 1938లో ఎత్తయిన శిబిరం దాకా బరువు మోసినందుకు టైగర్ పతకం ఇచ్చారు. యుద్ధం రోజుల్లో చిత్రాల్‌లో పనిచేశాడు. అక్కడే 1944లో భార్య దావా ఫుతి చనిపోయింది. ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని డార్జిలింగ్ తిరిగివచ్చాడు.

ఆయన జీవితంలో 1952 పెద్ద మలుపు. స్విస్ బృందం ఆయనను కూలీగా కాక తమలో ఒకడిగా చూసింది. రేమండ్ లాంబర్ట్‌కూ ఈయనకూ ఒకరి భాష ఒకరికి రాదు, కానీ మంచి జోడీ కుదిరింది. పైశిబిరంలో పడుకునే సంచులు లేకుండా, పొయ్యి లేకుండా ఆ రాత్రి ఒకరినొకరు కొట్టుకుంటూ, రుద్దుకుంటూ మేలుకున్నారు. కొవ్వొత్తి మంట మీద మంచుముక్క కరిగించుకుని తాగారు. మర్నాడు, మే 28న, దాదాపు 8,600 మీటర్ల దాకా వెళ్లి వెనుదిరిగారు. అంత ఎత్తుకు అంతకుముందు ఎవరూ వెళ్లినట్టు రుజువు లేదు. అదే ఏడాది చలికాలం ముందు మళ్లీ ప్రయత్నించి ఓడిపోయారు. ఆ అలసట మీద మలేరియా వచ్చి పాట్నా ఆసుపత్రిలో పడ్డాడు.

కోలుకోగానే 1953లో జాన్ హంట్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందానికి షెర్పాల పెద్దగా, అంటే సిర్దార్‌గా, వెళ్లాడు. ఈసారి శిఖరం ఎక్కేవారిలో ఒకడిగా కూడా. ఖాట్మండులో బ్రిటిష్ రాయబార కార్యాలయంలో దొరలకు గదులిచ్చి షెర్పాలను గ్యారేజీలో పడుకోమన్నారు. అంతకుముందు అది గుర్రాలశాల. షెర్పాలకు కోపం వచ్చింది. తెల్లారి దాని ముందు రోడ్డు మీదే మూత్రం పోసి నిరసన తెలిపారు. టెన్సింగ్‌ది నడుమ నలిగే స్థితి. అవమానం ఆయనకూ తగిలింది, పని ఆగకుండా చూడవలసిందీ ఆయనే. ఎవరెస్టు కథ చెప్పేటప్పుడు ఈ గ్యారేజీని చాలామంది వదిలేస్తారు. మేము వదలదలచుకోలేదు.

కాలినడకన సామాను చేర్చడానికి మూడువందల అరవై మందికి పైగా కూలీలు పనిచేశారు. దారిలో హిల్లరీ మంచుపగులులో పడిపోతే టెన్సింగ్ మంచుగొడ్డలి గుచ్చి తాడు బిగించి కాపాడాడు. మే 26న మొదటి జంట దక్షిణ శిఖరం దాకా వెళ్లి తిరిగివచ్చింది. 28న ఇద్దరు తెల్లవారు, అంగ్ నీమా అనే షెర్పా చివరి శిబిరానికి సామాను మోసిపెట్టి దిగిపోయారు. మర్నాడు పొద్దున హిల్లరీ బూట్లు గడ్డకట్టాయి, పొయ్యి మీద పెట్టి కరిగించారు. టెన్సింగ్ రాత్రంతా బూట్లు విప్పలేదు. పదకొండున్నరకు శిఖరం మీద నిలబడ్డారు. ఉన్నది పావుగంట. టెన్సింగ్ మంచులో చిన్న గుంట చేసి దేవతలకు మిఠాయిలు పెట్టాడు. కూతురు నీమా ఇచ్చిన రంగు పెన్సిలు ముక్క కూడా పెట్టాడు. మంచుగొడ్డలికి జెండాలు కట్టి ఎత్తిన ఆయన ఫొటోను హిల్లరీ తీశాడు. శిఖరం మీద హిల్లరీ ఫొటో లేదు.

దిగివచ్చాక అసలు బాధ మొదలైంది. ఎవరి కాలు ముందు పడిందని లోకమంతా అడిగింది. కొందరికి టెన్సింగే ముందుండాలి, కొందరికి హిల్లరీయే. ఆయన నేపాలీయుడా భారతీయుడా అని లాగులాట. ఇద్దరం దాదాపు ఒకేసారి చేరామని కలిసి సంతకాలు చేసినా అనుమానాలు ఆగలేదు. చివరికి 1955లో ఇంకొకరి చేత రాయించిన తన ఆత్మకథలో, హిల్లరీ కొన్ని అడుగులు ముందున్నాడని ఆయనే తేల్చేశాడు. లోకమంతా నీ పేరు ముందుండాలని అరుస్తున్నప్పుడు అలా చెప్పడం శిఖరం ఎక్కడం కంటే కష్టమని మా అభిప్రాయం. బ్రిటన్ హంట్‌కూ హిల్లరీకీ సర్ బిరుదులిచ్చింది, టెన్సింగ్‌కు జార్జి పతకం ఇచ్చింది. ఎందుకిలా అన్న వాదన ఇప్పటికీ ఉంది. మన దేశం 1959లో పద్మభూషణ్ ఇచ్చింది.

నెహ్రూ చొరవతో 1954 నవంబరులో డార్జిలింగ్‌లో హిమాలయన్ పర్వతారోహణ సంస్థ ఏర్పడింది. టెన్సింగ్ స్విట్జర్లాండులో శిక్షణ పొంది వచ్చి అక్కడ క్షేత్రశిక్షణ విభాగానికి మొదటి డైరెక్టరయ్యాడు. బడి చదువు లేని మనిషి దేశం నలుమూలల నుంచి వచ్చిన యువకులకు తాడు ముడి వేయడం దగ్గర నుంచి నేర్పాడు. ఆయన మేనల్లుడు నవాంగ్ గోంబు 1963లోనూ, 1965లోనూ ఎవరెస్టు ఎక్కి, రెండుసార్లు ఎక్కిన మొదటివాడయ్యాడు. ఉద్యోగం విడిచాక 1978లో సెలవులకు వచ్చేవారిని కొండల్లో తిప్పే సొంత సంస్థ పెట్టాడు. 1986 మే 9న డార్జిలింగ్‌లో కన్నుమూశాడు. దహనం ఆ శిక్షణ సంస్థ ఆవరణలోనే జరిగింది.

ఆ ఆవరణకు మనవాళ్లూ వెళ్లారు. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. వారు వెళ్లింది టిబెట్ వైపు నుంచే, కుర్ర టెన్సింగ్ 1935లో మూటతో నడిచిన వైపు. అంతకు ఐదువారాల ముందు, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచుచరియ విరిగిపడి పదహారు మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఇతరుల సామాను మోస్తున్న షెర్పాలు. టెన్సింగ్ పోయి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు.

వచ్చే సెలవులకు మళ్లీ భువనగిరి వెళ్తున్నాము. పులిహోర డబ్బా మోసే వంతుల పట్టీ రాసి భోజనాల గది గోడకు అంటించాము. మొదటి వంతు పదో తరగతి వాళ్లది. ఫొటో మాత్రం డబ్బా పైకి చేరాకే తీస్తాము.