ఇసుక బొమ్మను మగ్గమెక్కించిన హోస్టీన్ క్లా

చిన్నప్పటి నుండి మన సోషల్ పుస్తకాల్లో అమెరికా అంటే కొలంబస్, వాషింగ్టన్, లింకన్. ఆ గడ్డ మీద అంతకు ముందు వేల ఏళ్లుగా బతికినవాళ్లకు దక్కింది మాత్రం ‘రెడ్ ఇండియన్లు’ అనే ఒక తప్పు పేరు, రెండు వాక్యాలు. ఆ మూలవాసుల్లో ఒక పెద్ద జాతి నవాహోలు. తమను తాము ‘డినే’ అని పిలుచుకుంటారు. డినే అంటే మనుషులు అని అర్థం. అమెరికాకు నైరుతి మూలన అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల్లో పరచుకున్న ఎడారి నేల వాళ్లది. ఎర్రటి కొండలు, అరకొర వానలు, గొర్రెల మందలు, మొక్కజొన్న చేలు.

ఆ నేలలో పుట్టిన గొప్ప నేత కళాకారుడు హోస్టీన్ క్లా. ఆయన బడికి వెళ్లలేదు. కానీ ఆయన నేసిన వస్త్రాలను ఈరోజు పండితులు పుస్తకాల్లాగా చదువుతున్నారు. మనలాంటి పిల్లలు తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

కష్టకాలంలో పుట్టుక

1863-64లో అమెరికా సైన్యం నవాహోల మీద పడింది. కిట్ కార్సన్ అనే అధికారి చేలు తగలబెట్టించాడు, గొర్రెలను చంపించాడు. ఆ తర్వాత కాన్యన్ డి షే లోయలో తరతరాలుగా పెంచుకున్న పీచు పండ్ల చెట్లను కూడా సైన్యం నరికేసింది. ఆకలికి తట్టుకోలేక లొంగిపోయినవాళ్లను దాదాపు 500 కిలోమీటర్లు నడిపించి బోస్క్ రెడోండో అనే చోట నిర్బంధించారు. దీన్నే చరిత్రలో ‘లాంగ్ వాక్’ అంటారు. ముసలివాళ్లు, బాలింతలు దారిలోనే రాలిపోయారు. అక్కడ నీళ్లు ఉప్పు, పంటలు పురుగుపాలు. 8 వేలకు పైగా మనుషుల్లో 2 వేలకు పైగా చనిపోయారు. 1868 జూన్‌లో ఒప్పందం జరిగాకే మిగిలినవాళ్లు సొంత నేలకు తిరిగి వచ్చారు.

ఆ చీకటి రోజుల్లోనే, 1867 చివర్లో, న్యూమెక్సికోలోని ఫోర్ట్ వింగేట్ దగ్గర క్లా పుట్టాడు. 1849లో అమెరికా సైనికుల చేతిలో చనిపోయిన నర్బోనా అనే పేరున్న నాయకుడు ఆయనకు తల్లి వైపు ముత్తాత. ‘హోస్టీన్’ అంటే పెద్దాయన, మనం ‘గారు’ అన్నట్టు. ‘క్లా’ అంటే ఎడమచేతివాటం. అంటే మన భాషలో ఆయన ‘ఎడమచేతివాటం పెద్దాయన’ అన్నమాట!

ఇద్దరి విద్య నేర్చిన ఒక్కరు

నవాహోల్లో మగ్గం ఎక్కువగా ఆడవాళ్లది. జబ్బుపడినవాళ్ల కోసం రోజుల తరబడి పాటలు పాడి, పూజలు చేసే వైద్యగాయకుల పని ఎక్కువగా మగవాళ్లది. క్లా ఈ రెండూ నేర్చుకున్నాడు. అందుకు కారణం ఉంది. పూర్తిగా ఆడ అని గానీ, పూర్తిగా మగ అని గానీ చెప్పలేని మనుషులను నవాహోలు ‘నాద్లీహీ’ అంటారు. క్లాను అలాంటి మనిషిగా గుర్తించారు. మన దగ్గరైతే బస్టాండులో నవ్వులు, ఇంట్లోంచి గెంటివేతలు గుర్తొస్తాయి. అక్కడ పాత సంప్రదాయం దాన్ని వరంగా చూసింది. ఆడవాళ్ల విద్య, మగవాళ్ల విద్య రెండూ తెలిసినవాడికి లోకం పూర్తిగా తెలుస్తుందని వాళ్ల నమ్మకం.

తల్లి, అక్కచెల్లెళ్ల దగ్గర నేత నేర్చాడు. మేనమామ దగ్గర చిన్నతనంలోనే పాటలు, పూజలు మొదలుపెట్టాడు. ఒక్కో పూజకు వందల పాటలు. ఒక్క మాట తప్పినా జబ్బుకు మేలు జరగకపోగా కీడు జరుగుతుందని భయం. పుస్తకం లేదు, నోటు లేదు. అంతా గుర్తుపెట్టుకోవాలి. ఒక గురువు దగ్గర అయిపోతే ఇంకో గురువు. ఇలా నేర్చుకుంటూ నేర్చుకుంటూ 1917లో, దాదాపు 50 ఏళ్ల వయసులో, తొమ్మిది రాత్రుల ‘యేబిచాయ్’ పూజను పెద్ద ఎత్తున జరిపి తన చదువు పూర్తయిందని లోకానికి చాటాడు. మనం పీజీ రెండేళ్లకే అలసిపోతున్నాం!

పొద్దుగూకేలోపు చెరిపేసే బొమ్మ

ఈ పూజల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇసుక బొమ్మ. నవాహోల గుండ్రటి మట్టి ఇల్లు ‘హోగన్’. దాని వాకిలి తూర్పు వైపు ఉంటుంది. పూజ రోజు హోగన్ లోపల నేల మీద శుభ్రమైన ఇసుక పరచి చదును చేస్తారు. చదును చేసేది దేనితోననుకున్నారు? మగ్గం మీద పేకను దిగ్గొట్టే చెక్క పలకతో! తర్వాత రంగురాళ్ల పొడి, బొగ్గు పొడి, పుప్పొడి వేళ్ల సందున పట్టి జారవిడుస్తూ దేవతలను, మొక్కజొన్న మొక్కలను, పిడుగులను, ఇంద్రధనుస్సును వేస్తారు. మన అమ్మలు ముగ్గు వేసినట్టే. బొమ్మ పూర్తయ్యాక రోగిని దాని మధ్యలో కూర్చోబెట్టి ఆ ఇసుకను ఒంటికి అద్దుతారు. పూజ కాగానే బొమ్మను చెరిపేసి, ఇసుకను బయట పోసి వస్తారు. రాత్రికి అది ఉండకూడదు.

తెలంగాణ పల్లెల్లో మల్లన్న పట్నాలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒగ్గువాళ్లు రంగుల పొడులతో పట్నం వేస్తారు, కథ చెబుతారు, చివరికి దాన్ని చెరిపేస్తారు. సముద్రాల అవతల ఎడారిలోనూ అదే పద్ధతి.

దుప్పటి తివాచీ అయిన కాలం

క్లా ఎదుగుతున్న రోజుల్లో నవాహో నేత కూడా మారిపోతూ ఉంది. వాళ్ల మగ్గం మన గుంట మగ్గంలా పడుకుని ఉండదు, నిలువుగా ఉంటుంది. పడుగు పైనుండి కిందికి, నేసేవాళ్లు దాని ముందు నేల మీద కూర్చుని కింది నుండి పైకి నేసుకుంటూ పోతారు. సాలెమ్మ అనదగిన ఒక దేవత తమకు నేత నేర్పిందని వాళ్ల కథ. సొంత గొర్రెల ఉన్నితో కప్పుకోవడానికి దుప్పట్లు నేసేవాళ్లు, మన కురుమలు గొంగళ్లు నేసినట్టు.

1881లో రైలు వచ్చింది. రైలుతో మిల్లు దుప్పట్లు వచ్చాయి, షావుకార్లు వచ్చారు. ఉన్ని బట్టను కొన్నిచోట్ల తూకానికి కొనేవాళ్లు. గనాడోలో హబ్బెల్, క్రిస్టల్‌లో మూర్ లాంటి వ్యాపారులు తూర్పు నగరాల అమెరికన్ల ఇళ్లలో నేల మీద పరిచేందుకు తగినట్టు, చుట్టూ అంచుతో, మందంగా తివాచీలు నేయమన్నారు. మూర్ అయితే 1903లోనే డిజైన్ల కేటలాగు అచ్చువేసి పోస్టులో పంపాడు. ఫ్రెడ్ హార్వీ కంపెనీ రైలు హోటళ్లలో గదులను ఈ తివాచీలతో అలంకరించారు. ‘నైరుతి శైలి’ అని ఈరోజు ఖరీదైన ఇళ్ల పత్రికల్లో కనిపించే అలంకరణకు ఇదొక పునాది. నేసిన తల్లి పేరు మాత్రం చాలా తివాచీల మీద లేదు.

1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో క్లా మగ్గం వేసుకుని నేసి చూపించాడు. స్వామి వివేకానంద ప్రసంగించిన సర్వమత మహాసభ జరిగింది ఆ ప్రదర్శన సందర్భంగానే. అక్కడికి వచ్చిన జనానికి క్లా ఒక వింత. ఆయనకు మాత్రం ఆ జనం అప్పటికే తన జాతి నేతను కొనుక్కుంటున్న మార్కెట్టు.

కట్టుబాటు దాటిన నేత

1914 తర్వాత క్లా ఇంటి దగ్గర్లోని దుకాణానికి ఆర్థర్ న్యూకోంబ్ భార్యగా ఫ్రాంక్ న్యూకోంబ్ అనే ఆవిడ వచ్చింది. అంతకు ముందు బడిపంతులమ్మ. ఆమెకు క్లాతో స్నేహం కుదిరింది. పూజల్లో ఇసుక బొమ్మలు చూసి, ఇంటికెళ్లి గుర్తున్నంత వరకు కాగితం మీద వేసేది. ఆ బొమ్మను నేస్తే నిలుస్తుంది కదా అని ఆమె అడిగింది.

ఇది చిన్న మాట కాదు. చెరిపేయాల్సిన బొమ్మను నిలబెడితే నేసినవాళ్లకు కళ్లు పోతాయని, ఊరికే అరిష్టమని జనం నమ్మకం. తోటి వైద్యగాయకులు కోప్పడ్డారు. క్లా కూడా ఆ పూజల్లో పుట్టి పెరిగినవాడే, ఆ భయం ఆయనకూ తెలుసు. అయినా 1919లో మగ్గమెక్కించాడు. నీళ్లలో తిరిగే దుంగల కథను చూపే ఇసుక బొమ్మ అది. దుంగల అమరిక మన స్వస్తిక్ గుర్తును తలపిస్తుంది. పెద్ద మగ్గం కట్టి, సహజమైన గొర్రె ఉన్ని రంగు నేపథ్యం మీద దేవతల బొమ్మలు నిలిపాడు. కీడు తగలకుండా రక్షణ పూజ చేసుకున్నాడు. ఆయనకు కళ్లు పోలేదు. తర్వాత మేనకోడళ్లు గ్లాడిస్, ఐరీన్‌లకు కూడా పూజ చేసి, ఆ నేత నేర్పాడు.

ఎందుకింత సాహసం? అప్పటికి ప్రభుత్వం నవాహో పిల్లలను దూరపు బోర్డింగ్ బడులకు పట్టుకుపోతోంది. అక్కడ జుట్టు కత్తిరించేవాళ్లు, సొంత భాష మాట్లాడితే కొట్టేవాళ్లు. నేర్చుకునే పిల్లలే లేకపోతే వందల పాటలు ఎవరికి అప్పజెప్పాలి? 1918 ఫ్లూ జ్వరం ఎందరో పెద్దవాళ్లను తీసుకుపోయింది. క్లా తన తర్వాత నిలబడతాడని తయారుచేసుకున్న శిష్యుడు బెయాల్ బెగే 1931లో ఆయన కళ్ల ముందే చనిపోయాడు. జీవితమంతా కూడబెట్టిన విద్య ఒక్క ముసలి గుండెలో మిగిలిపోయింది.

హోగన్ ఆకారంలో మ్యూజియం

1921లో బోస్టన్‌కు చెందిన మేరీ కాబట్ వీల్‌రైట్ అనే ధనవంతురాలు క్లాను కలిసింది. ఆయన కథలు, పాటలు చెప్పాడు. దుభాషి ఇంగ్లీషులోకి మార్చాడు, ఆమె రాసుకుంది. ఈ పని ఏళ్ల తరబడి సాగింది. చివరికి శాంటాఫేలో వీటి కోసం ఒక మ్యూజియం కట్టారు. విలియం పెన్‌హాలో హెండర్సన్ దానికి ఎనిమిది పలకల హోగన్ రూపం ఇచ్చాడు. పైకప్పు కూడా హోగన్‌లో దుంగలు పేర్చినట్టే. క్లా ఆ స్థలానికి పూజ చేశాడు. కానీ తలుపులు తెరవడం చూడలేదు. 1937 ఫిబ్రవరి 27న కన్నుమూశాడు. మ్యూజియం అదే ఏడాది చివర్లో మొదలైంది.

కథ అక్కడితో అయిపోలేదు. పవిత్రమైన వస్తువులు అద్దాల వెనక ఉండకూడదని, అవి వాడేవాళ్ల చేతుల్లో ఉండాలని తర్వాతి తరం నవాహోలు అడిగారు. 1977లో మ్యూజియం పూజకు వాడే పవిత్ర మూటలను వాళ్లకు తిరిగి ఇచ్చేసింది. తన పేరు కూడా వీల్‌రైట్ మ్యూజియంగా మార్చుకుంది. అవి చేరింది నవాహోలు 1968లో సొంతంగా పెట్టుకున్న కాలేజీకి. అమెరికాలో మూలవాసులు తామే నడుపుకున్న మొదటి కాలేజీ అది. ఇసుక బొమ్మను నేయడం తప్పేనని నమ్మే నవాహోలు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. కానీ క్లా దాచిపెట్టకపోతే తిరిగి తీసుకోవడానికి మిగిలేది ఇంకెంత తక్కువో ఆలోచించండి.

మనం నేర్చుకోవలసింది

మా ఇంట్లో డిగ్రీ వరకు వచ్చింది నేనే మొదట. మా నాయనమ్మకు నాట్ల పాటలు, కోతల పాటలు ఎన్ని వచ్చో లెక్క లేదు. నేను ఏడో తరగతిలో ఉండగా ఆమె పోయింది, పాటలూ పోయాయి. మన హాస్టల్లో ఇలాంటి నాయనమ్మలు లేని గది ఉండదు. డక్కలి వాళ్ల జాంబపురాణం, ఒగ్గు కథ, డప్పు దరువులు, గొంగడి నేత, చెప్పు కుట్టే తీరు. ఇవన్నీ పరీక్షలో రాని చదువులు. కానీ వాటిని కూడబెట్టడానికి కూడా జీవితాలు పట్టాయి.

నవాహో పిల్లలకు బోర్డింగ్ బడి సొంత భాషను మరిపించడానికి పెట్టింది. మన హాస్టళ్లు మన పెద్దలు పోరాడి తెచ్చుకున్నవి. ఇక్కడ చదువుకున్నంత మాత్రాన ఇంటిని మరిచిపోవాలని ఎవరూ మనకు చెప్పలేదు. అక్షరం రాని క్లా తన విద్యను నిలపడానికి మగ్గాన్ని పట్టుకున్నాడు, మాటలను రాయడానికి పరాయివాళ్ల కలం అరువు తెచ్చుకున్నాడు. మనకు ఆ అవసరం లేదు. మన చేతిలోనే కలం ఉంది, ఫోనులో రికార్డరు ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక కొత్త నోటుబుక్కు సంచిలో పెట్టుకోండి. తాతను, అమ్మమ్మను అడిగి, వాళ్లు సరేనన్న మాటలు రాసుకోండి. ఎవరు చెప్పారో వాళ్ల పేరు పైన రాయండి. తివాచీల మీద ఆ తల్లుల పేర్లు లేకుండా పోయినట్టు మన వాళ్ల పేర్లు పోకూడదు. వచ్చే ఏడాది సంచికలో ఆ పేజీలు చూడాలని నా ఆశ.