మంచుపై మలుపు నేర్పిన సోండ్రె

తెలుగునాట పుట్టిన పిల్లలలో జారుడుబండ నెరుగనివారుండరు. హైదరాబాదు నగరమున జూబిలీ హిల్సు, ఫిలింనగరు ప్రాంతములలో ఇండ్ల నడుమ నేటికిని మిగిలియున్న పెద్ద పెద్ద కొండరాళ్ళను చూచినపుడు, వాని నున్నని వాలుమీద ఒక్కమారైన జారవలెనని పిల్లలకు బుద్ధి పుట్టుట సహజము. జారుట సులభమే. భూమి తనంతట తానే మనలను క్రిందికి లాగుకొనును. కాని జారుచుండగా నడుమ కుడికి గాని యెడమకు గాని ఇచ్ఛవచ్చినట్లు తిరుగగలమా? కోరిన చోట నిలువగలమా? రాతిమీద నది సాధ్యము కాదు. మంచుమీదనో, సాధ్యమే. అయితే దానికొక సాధనము కావలెను. ఆ సాధనమునకు తగిన విద్యయు కావలెను.

ఫిలింనగరులోని చిత్రనిర్మాతలు పాటల చిత్రీకరణమునకై స్విట్జర్లండు వంటి మంచుదేశములకు పోయివచ్చుట మీరెరిగినదే. అట్టి పాటలలో నాయికానాయకుల వెనుక, దూరమున, తెల్లని వాలుమీద నల్లని చుక్కలవలె కొందరు మనుష్యులు వంకలు తిరుగుచు దిగివచ్చుట అప్పుడప్పుడు కనబడును. నేను పాటకన్న వారినే ఎక్కువగా చూచితినన్నచో మీరు నవ్వుదురేమో! అంతటి వేగమున దిగుచు, ఒక్క కర్రనైన గట్టిగా ఊతగొనక, నీటిలోని చేపవలె వారెట్లు మలుపు తిరుగుచున్నారు? ఈ విద్యకు మూలపురుషులలో ముఖ్యుడు నార్వే దేశపు పేదరైతు. ఆతని పేరు సోండ్రె నోర్‌హైము.

నార్వే ఐరోపా ఖండమున ఉత్తరపు కొసనున్న కొండల దేశము. శీతకాలమున నెలల తరబడి ఊళ్ళను, పొలములను, అడవులను మంచు కప్పియుండును. నడచినచో మోకాటి లోతున కాలు దిగబడును. అందుచేత అక్కడివారు వేలయేండ్ల క్రిందటనే ఉపాయము కనిపెట్టిరి. రెండు పొడుగైన కొయ్యపలకలను చెక్కి, వాని ముందు కొనలను పైకి వంచి, పాదములకు కట్టుకొని మంచుపై జారుచు పోయెడివారు. ఈ పలకలనే స్కీలందురు. చీల్చిన కొయ్య అని ఆ మాటకు మొదటి అర్థము. వేటకు పోవుటకును, కట్టెలు తెచ్చుకొనుటకును, పొరుగూరి చుట్టములను చూచివచ్చుటకును అవియే వాహనములు. మన ఊళ్ళలో ఎద్దుబండి యెట్టిదో, వారికి స్కీలట్టివి.

ఆ దేశమున టెలిమార్కు అను కొండసీమలో మోర్గెడాల్ అను చిన్న పల్లె గలదు. 1825వ సంవత్సరము జూన్ 10వ తేదీన సోండ్రె ఆ పల్లెలో ఓవర్‌బో అను చిన్న గుడిసెయందు జన్మించెను. తండ్రికి సొంతభూమి లేదు. పరుల భూమిలో గుడిసె వేసికొని, దానికి బదులుగా భూస్వామికి కాయకష్టము చేసి బ్రతుకు కుటుంబము వారిది. సోండ్రెకును ఆ స్థితియే సంక్రమించెను. 1854లో రాన్నెయి అను నామెను వివాహమాడి, బిడ్డల తండ్రియై, జీవితమునందు అధికభాగము కౌలు గుడిసెలలోనే గడపెను. వానిలో నొకదాని పేరు నోర్‌హైము. లోకమునకు తెలిసిన ఆతని యింటిపేరు అట్లు వచ్చినదే.

బీదవాడైనను ఆతనికి మంచు కురిసినదన్నచో పండుగయే. పని ముగియుటే తడవుగా స్కీలు కట్టుకొని వాలునెక్కెడివాడు. ఇండ్ల పైకప్పుల మీదినుండి సైతము దూకెడివాడని చెప్పుదురు. పూట గడువని ఇంటివానికి ఈ ఆటలెందులకని నేటివారైనను అందురు, నాటివారు అనకుందురా? కాని ఆతని మనస్సు ఆటతో పాటు సాధనమునందును లగ్నమైనది. ఎచట పడిపోయితిని, ఎందుచేత పడితిని, పలకలో లోపమా, కట్టులో లోపమా అని ఆలోచించెడివాడు. కొయ్యపని చక్కగా తెలిసినవాడు గనుక తోచిన మార్పును తానే చేసి చూచుకొనెడివాడు.

అంతకుముందు స్కీలకు కాలివ్రేళ్ళ దగ్గర ఒక పట్టె మాత్రముండెడిది. పాదపు ముందుభాగమును దానిలో దూర్చెడివారు. సమతలముపై నడుచుటకు అది చాలును. వాలుమీద తిరుగబోయినచో మడమ ఒక ప్రక్కకును, పలక వేరొక ప్రక్కకును పోవును. ఎగిరి దూకినచో పలక ఊడిపోవును. కావున చాలమంది పొడుగాటి కర్రనొకదానిని చేతబట్టి, దానిపై ఒరిగి, మంచులో గీయుచు వేగము తగ్గించుకొని దిగెడివారు. సోండ్రె భూర్జవృక్షపు సన్నని వేళ్ళను తెచ్చి, త్రాడువలె మెలిపెట్టి, వ్రేళ్ళ పట్టె నుండి మడమ వెనుకగా చుట్టి కట్టెను. మన మేదరులు వెదురుబద్దను వంచినట్లే ఆతడును వేరును వంచెనన్నమాట. ఆ వేరు బిరుసుగా నుండి పాదమును పలకతో కలిపి పట్టెను. కొంత సాగును గనుక నడచునపుడు మడమ పైకి లేచుటకును వీలుండెను. ఇక పాదము తిరిగినచో పలకయు తిరుగక తప్పదు. ఇంత చిన్న పని! దీనితో కర్రపై ఒరుగవలసిన అగత్యము తీరెను. రెండు చేతులకును స్వేచ్ఛ కలిగెను.

రెండవది పలక యొక్క ఆకారము. ఆతడు దానిని కొంత కురుచ చేసి, నడుమ సన్నగను, కొనలయందు వెడల్పుగను చెక్కెను. మీరు డమరుకమును చూచియుందురు. దాని నడుమువలె, అయితే అంత లోతుగా గాక, కంటికి కనబడియు కనబడనంత మాత్రము పలక అంచు లోపలికి వంగియుండును. ఈ స్వల్పమైన వంపులోనే రహస్యమంతయు నున్నది. పలకను చదునుగా నుంచినచో తిన్నగా పోవును. ఒక ప్రక్కకు ఒరిగించినపుడు ఒక అంచు మాత్రమే మంచును తాకును. ఆ అంచు తిన్ననిదైనచో మంచును గీరుకొనుచు ప్రక్కకు జారును. నడుమ వంపుగలదైనచో మొదట ముందు వెనుకల కొనలు తాకును, నడుము తాకదు. మనుష్యుని బరువు నడుముపై పడగనే పలక విల్లువలె వంగి, అంచంతయు మంచులో దిగును. అప్పుడు ఆ అంచే మంచులో గీసిన వంపుగీత యగును. పలక ఆ గీతవెంటనే సాగిపోవును. నమ్మికలేనివారు ఒక అట్టముక్కను డమరుకాకారముగా కత్తిరించి, బల్లపై ఒక ప్రక్కకు ఒరిగించి, నడుమ వ్రేలితో నొక్కి చూడవచ్చును.

ఇచట ఒక మాట న్యాయముగా చెప్పవలసియున్నది. నడుము సన్నమైన పలకలుగాని, మడమ కట్టుగాని సోండ్రెకు పూర్వము టెలిమార్కులో బొత్తిగా లేవని చెప్పరాదు. పల్లెపనివాండ్ర చేతులలో అవి అక్కడక్కడ నుండినవి. ఆతడు వానిని మెరుగుపరచి, ఒకచోట చేర్చి, వానితో నేమి చేయవచ్చునో దేశమునకు చూపెను. పనిముట్లు చాలమంది చేయుదురు గాని వానిచే పలికించువాడు ఒక్కడుండును.

ఆ చూపినది 1868లో. నేడు ఓస్లో యని పిలువబడు రాజధానికి అప్పటి పేరు క్రిస్టియానియా. ఆ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన అచట స్కీ పోటీ జరుగునని తెలిసెను. మోర్గెడాల్ నుండి రాజధానికి దాదాపు 200 కిలోమీటర్ల దూరము. సోండ్రెకు అప్పటికి 42 సంవత్సరములు. పోటీకి వచ్చినవారు పలువురు ఆతనికన్న చిన్నవారు. ఆతడు ఇద్దరు మిత్రులను వెంటబెట్టుకొని, స్కీలు కట్టుకొని, కొండలు అడవులు దాటి మూడు దినములలో నగరము చేరెను. అలసట తీరకుండగనే పోటీలో దిగెను. తక్కినవారు కర్రలపై ఒరిగి బిగుసుకొనిపోయి దిగుచుండగా, ఈతడు చేతులు వదలి, మోకాళ్ళు వంచి, తూలక తొట్రుపడక దిగివచ్చి, చివర నొక్క మలుపుతో పలకలను అడ్డము త్రిప్పి నిలిచెను. నగరవాసులు నివ్వెరపోయిరి. ప్రథమ బహుమానము ఆతనిదే. పత్రికలును ఆతని నైపుణ్యమును మెచ్చుకొన్నవి.

ఆనాటి నుండి ఆ విద్య పల్లె దాటినది. ఒక పాదమును ముందుకు జరిపి, వెనుక మోకాలు వంచి తిరుగు మలుపునకు టెలిమార్కు మలుపనియు, రెండు పలకలను జతగా త్రిప్పి నిలుచు మలుపునకు క్రిస్టియానియా మలుపనియు పేరులు కలిగినవి. నేడు ప్రపంచమంతట వాడుకలో నున్న స్లాలోమ్ అను మాట సయితము వాలుమీది జాడయను అర్థముతో ఆ సీమ పల్లెభాషనుండి వచ్చినదే. ఆతని చూచి నేర్చినవారిలో మిక్కెల్, తోర్యూస్ హెమ్మెస్ట్‌వైట్ అను సోదరులు 1881లో రాజధానియందు స్కీ పాఠశాలను పెట్టిరి. 1911 డిసెంబరు 14వ తేదీన ఆముండ్‌సెన్‌తో కూడ దక్షిణధ్రువమున కాలుమోపిన ఐదుగురిలో ఒకడైన ఓలావ్ బ్యోలాండ్ మోర్గెడాల్ పల్లె బిడ్డయే.

కాలక్రమమున కొయ్యకు ఉక్కు అంచులు వచ్చినవి. వేరుకు బదులు ఉక్కుతీగెయు, పిమ్మట లోహపు బిగింపులును వచ్చినవి. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున షెర్మన్ పాపెన్ అను ఇంజనీరు తన కుమార్తెల ఆటకై రెండు స్కీలను జోడించి ఒకే పలకగా చేసెను. దాని సంతతియే నేటి స్నోబోర్డు. ఈ బోర్డునెక్కువారిలో రెండు తెగలు గలవు. మెత్తని బూట్లు తొడిగి ఎగురుచు దూకుచు క్రీడించువారే అధికము. రెండవ తెగవారు కొద్దిమందియే. వారి బూట్లు బిరుసైన ప్లాస్టిక్కు గుల్లలు. బోర్డుపై బిగించిన పళ్ళెములయందు, వ్రేళ్ళవైపు ఒకటి, మడమవైపు ఒకటిగా ఉక్కు కమ్ములు ఆ బూట్లను పట్టుకొనును. బోర్డు ఇరుకైనది గనుక పాదములు అడ్డముగా నుంచినచో బూటుకొనలు మంచులో గీసికొని మనిషి పడిపోవును. కావున వానిని ముందువైపునకు బాగుగా త్రిప్పి నిలుతురు. పిక్క కొంచెము వంగినను ఆ వంపు బూటుగుండ నేరుగా అంచునకు చేరును. మెత్తని బూటులో కొంత దారిలోనే పోవును. ఇదియే ఆ బిరుసుదనము వలని లాభము.

తెల్లవారుజామున యంత్రముతో చదును చేసిన వాలుమీద వారు దిగునపుడు, శరీరము మంచును తాకునంతగా ఒరుగుదురు. వెనుదిరిగి చూచినచో మంచులో కత్తితో కోసినట్లు సన్నని గీత యొకటి మాత్రము మిగులును. గీరుకొనిపోయిన జాడ ఉండరాదు. ఆ గీతను చూచుకొని మురియుటే వారి ఆనందము. ఎంత ఎత్తు ఎగిరితివని కాక, గీత ఎంత శుద్ధముగా వచ్చినదని వారు ఒకరినొకరు అడిగికొందురు. 1998లో జపానులోని నాగానో శీతకాల ఒలింపిక్సులో జెయింట్ స్లాలోమ్ పేర స్నోబోర్డు పందెము మొదలయ్యెను. 2002 నుండి ఇద్దరు ప్రక్కప్రక్కన దిగుచు పోటీపడు పద్ధతి వచ్చెను. ఆ బోర్డు నడుము వంపును, మడమ వెనుక కమ్మిని చూచినచో, డమరుకపు పలకయు, భూర్జవృక్షపు వేరును స్మరణకు రాక మానవు.

ఇంత విద్య చూపిన సోండ్రెకు దానివలన కలిగిన సంపద యేమి? ఏమియు లేదు. విజేతయై పల్లెకు తిరిగి వచ్చినవాడు మరల కౌలు గుడిసెకే వచ్చెను. ఆ కాలమున నార్వే పల్లెలలో భూమి చాలక వేలకొలది జనులు అమెరికాకు తరలిపోవుచుండిరి. 1884లో, దాదాపు అరువది యేండ్ల వయసున, సోండ్రెయు భార్యతోను, ముగ్గురు బిడ్డలతోను ఓడనెక్కెను. మొదట మిన్నెసోటాలో కొంతకాలముండి, పిదప డకోటా సీమకు పోయి విల్లార్డ్ అను చోట స్థిరపడెను. ఆ సీమ 1889లో ఉత్తర డకోటా రాష్ట్రమైనది.

విధి విలాసము చూడుడు. అచట మంచునకు కొదువలేదు. శీతకాలము నార్వేలో కన్న కఠినము. కాని భూమి అంతయు చాప పరచినట్లు చదును. కనుచూపు మేర గడ్డిమైదానమే. మలుపు తిరుగుటకు వాలేది? ఆ ముసలివాడు తన స్కీలను గుడిసె వాకిట గోడకు చేరవేసి యుంచెడివాడని అచటివారు చెప్పుకొందురు. ఆ మాట చదివినపుడెల్ల నాకు ఆతని విజయముకన్న ఆ వాకిలియే కన్నులకు కట్టును. వయస్సు మీరినకొలది ఆతడు దైవచింతనయందు మగ్నుడై, తోటి నార్వేవారు కట్టుకొనిన చిన్న చర్చి నిర్మాణమునకు సాయపడెను. 1897వ సంవత్సరము మార్చి 9వ తేదీన కన్నుమూసెను. డెన్బీ అను ఊరి సమీపమున, ఆ సంఘమువారి శ్మశానమునందే ఆతనిని సమాధి చేసిరి.

1952లో శీతకాల ఒలింపిక్సు ఓస్లో నగరమున జరిగినవి. ఆ ఉత్సవపు దివిటీని గ్రీసు దేశమునుండి గాక, మోర్గెడాల్‌లో సోండ్రె జన్మించిన గుడిసె పొయ్యినుండి వెలిగించిరి. 94 మంది స్కీ క్రీడాకారులు ఒకరినుండి యొకరు దానిని అందుకొనుచు, ఒకనాడు ఆతడు స్కీలపై పయనించిన రాజధానికి మోసికొనిపోయిరి. ఆ దివిటీ ఓస్లో చేరునాటికి డకోటాలోని ఆతని సమాధిపై పేరు చెక్కిన రాయి లేదు. 1960ల దశకమున గాని ఆ చోటును గుర్తించి రాయి నిలుపలేదు.