వలస పక్షులకు విడిది కూర్చిన వ్యంగ్య చిత్రకారుడు
ఫిబ్రవరి 12 డార్లింగ్ వర్ధంతి

తన గీతలతో పాలకులకు చురకలంటించిన చిత్రకారుడాయన. అదే పాలకుడు పిలిచిన నాడు కాదనక, పక్షుల కోసం కొలువులో చేరారు. ఆయనే అమెరికాకు చెందిన జే నార్వుడ్ డార్లింగ్.

డార్లింగ్ 1876 అక్టోబరు 21న మిషిగన్ రాష్ట్రంలోని నార్వుడ్‌లో జన్మించారు. అయోవాలోని సూ సిటీలో పెరిగారు. బాల్యంలో పక్షులతో కళకళలాడిన పచ్చిక మైదానాలు కళ్లెదుటే నాగలి పాలవడం ఆయన మనసులో ముద్ర వేసింది. పాత్రికేయునిగా జీవితం ప్రారంభించి, 1906లో డెమోయిన్ నగర దినపత్రికలో చేరారు. డింగ్ అనే సంతకంతో వేసిన కార్టూన్లకు 1924, 1943లలో పులిట్జర్ బహుమతులు లభించాయి.

1930వ దశకంలో ఉత్తర మైదానాలను తీవ్ర కరవు కబళించింది. హిమానీనదాలు మిగిల్చిన గుంటల్లో నీరు ఇంకిపోయింది. సాగు కోసం చిత్తడి నేలలను అప్పటికే ఎండగట్టడంతో బాతుల సంతతి దారుణంగా క్షీణించింది. శరణాలయాలకు భూములు సేకరించేందుకు 1929లోనే చట్టం వచ్చినా, స్థిరమైన నిధులు సమకూరలేదు.

ఈ దశలో 1934లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జీవ సర్వే విభాగం అధిపతిగా డార్లింగ్‌ను నియమించారు. రూజ్‌వెల్ట్ విధానాలను ఎండగట్టిన రిపబ్లికన్ ఆయన. అయినా బాధ్యత స్వీకరించారు. అదే ఏడాది బాతుల వేటగాళ్లు డాలరు బిళ్ల కొనాలనే చట్టం అమలులోకి వచ్చింది. నీటిపై వాలుతున్న రెండు బాతులతో తొలి బిళ్ల బొమ్మను డార్లింగే గీశారు. మొదటి ఏడాది 6.35 లక్షల బిళ్లలు అమ్ముడయ్యాయి. సెనెటర్ పీటర్ నార్బెక్ చొరవతో మరో 60 లక్షల డాలర్లు సమకూరాయి.

భూముల ఎంపిక బాధ్యతను యువ జీవశాస్త్రవేత్త క్లార్క్ సాలియర్‌కు అప్పగించారు. ఫలితంగా 1935లో ఉత్తర డకోటాలోని సూరిస్ నదీతీరాన దాదాపు 59 వేల ఎకరాల శరణాలయం ఏర్పడింది. ఎండగట్టిన నేలలో ఆనకట్టలతో మళ్లీ నీరు నిలిపారు. 1967లో దానికి సాలియర్ పేరు పెట్టారు.

స్వయంగా వేటగాడైన డార్లింగ్ తోటి వేటగాళ్ల ఆగ్రహానికి వెరవలేదు. 1935లో వేట కాలాన్ని 30 రోజులకు కుదించారు. గింజలు చల్లి, పెంపుడు బాతులను ఎరచూపి వేటాడడాన్ని నిషేధించారు.

పదవిలో ఉన్నది ఇరవై నెలలే. 1935 నవంబరులో వైదొలగి తిరిగి కుంచె పట్టారు. 1936లో ఏర్పడిన జాతీయ వన్యప్రాణి సమాఖ్యకు తొలి అధ్యక్షుడయ్యారు. 1962 ఫిబ్రవరి 12న డెమోయిన్‌లో కన్నుమూశారు. ఆయన గీసిన ఎగిరే నీలి పెద్దబాతు నేటికీ అమెరికా శరణాలయాల ముంగిట చిహ్నంగా నిలిచి ఉంది.